లాల్‌బాగు చెరువుగట్టు

ఒక నగరమున స్థిరపడిన జనుల చరిత్ర వ్రాయునపుడు వారు కట్టిన దేవాలయములను, సత్రములను, పాఠశాలలను లెక్కించుట మన సంచికలలో పరిపాటి. వారు ఏ వృత్తి చేసిరి, ఏ పేటలో నివసించిరి అన్నదియు వ్రాయుదురు. కాని పనిలేని పూట వారు ఎచటికి పోయిరి అన్న ప్రశ్నను సాధారణముగా ఎవ్వరును వేయరు. విహారమునకు చరిత్ర యేమున్నదని కాబోలు. మాకు మాత్రము అది చిన్న ప్రశ్నగా తోచదు. ఇంట ఒక భాష, కొలువులో ఒక భాష, అంగడిలో మరియొక భాష మాటలాడు కుటుంబమునకు, ఎవరి అనుమతియు అడుగకుండ నలుగురితోపాటు తిరుగగల తావు ఎంత అవసరమో, అన్యప్రాంతములందు తరతరములుగా వసించుచున్న మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

బెంగుళూరి తెలుగువారికి అట్టి తావు లాల్‌బాగు. 240 ఎకరముల తోట. దాని దక్షిణభాగమున సుమారు 30 ఎకరముల చెరువు. ఏడాది పొడవున, ఎండకాలమనక వానకాలమనక, జనము అచట నడచుచునే యుందురు. ఇంతటి విహారభూమిని నిర్మించినవారిలో తొలివారెవ్వరును సామాన్యులను మనస్సున నుంచుకొని నిర్మింపలేదు. నవాబు తన వినోదమునకై నాటించెను. కుంపిణీవారు లాభమునకై పెంచిరి. అది ప్రజల దెట్లయ్యెను, చుట్టుపట్ల చెరువులెల్ల పూడిపోవుచుండగా ఈ నీరు ఎట్లు నిలిచెను అన్నదియే మేమిచట చెప్పదలచిన విషయము.

తోటకంటె ముందు బండను గూర్చి చెప్పవలెను. ప్రధానద్వారమునకు చేరువనే విశాలమైన శిలాగుట్ట యొకటి కలదు. పిల్లలు దానిపై జారుడుబండ ఆడుదురు. పెద్దలు సాయంకాలము చల్లగాలికి కూర్చుందురు. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని ద్వీపకల్పపు నైస్ శిల యందురు. దాని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములు. 1975లో దానిని జాతీయ భూవిజ్ఞాన స్మారకముగా ప్రకటించిరి. భూమిపై పువ్వు పూయుటకు ఎన్నియో యుగములకు పూర్వమే ఈ బండ యుండెనన్నమాట. నేడు ఆ బండ చూచుటకు వచ్చువారికంటె పూలు చూచుటకు వచ్చువారే అధికము, అది సహజమే.

ఆ గుట్టమీది చిన్న మండపము కెంపేగౌడ వంశీయులదిగా ప్రసిద్ధమైన బురుజు. అట్టివి నాలుగు: ఒకటి ఇచట, ఒకటి హలసూరు చెరువు చెంత, ఒకటి కెంపాంబుధి చెరువు చెంత, నాలుగవది మేఖ్రీ కూడలి సమీపమున. నగరము ఈ నాలుగు బురుజుల మేరకు పెరుగునని ఆనాటివారు ఊహించిరని చెప్పుదురు. నగరము ఆ హద్దులను ఎన్నడో దాటిపోయినది. మాకు ఆసక్తి కలిగించునది మరియొకటి. ఆ నాలుగింటిలో మూడు నేడును నీటి చెంతనే యున్నవి. నగరపు ఎల్లను గుర్తించుటయనగా నీటిని గుర్తించుటయని ఆ పాళెగాండ్రకు తెలిసియుండవలెను.

1537లో కోటయు పేటయు కట్టిన కెంపేగౌడను కన్నడదేశము తన వీరునిగా కొనియాడుట ఎంతయు యుక్తము. అతని పేర గంగాగౌరీవిలాసమను తెలుగు యక్షగానము ప్రసిద్ధమై యుండుటయు మనము మరువరాదు. బెంగుళూరు, కోలారు, హోసూరు ప్రాంతములను కలుపుకొని మొరసునాడని పిలిచిన ఆ సీమలో తెలుగు కన్నడములు ఒకే ఇంటి నడవలో పెరిగిన బిడ్డలు. బెంగుళూరి తెలుగు నిన్న మొన్న రైలు దిగి వచ్చినదని తలచువారు తీరిక చేసికొని ఈ బురుజు నొకసారి ఎక్కి చూడవలెను.

బెంగుళూరు పెద్ద నది లేని ఊరు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, మిట్టపల్లములుగా నున్న నేల. వానచినుకును పట్టి నిలుపనిదే అచట ఊరు లేదు, పైరు లేదు. కనుకనే పల్లమునకెల్ల ఒక కట్ట వేసి, తూము పెట్టి, పొంగినపుడు పోవుటకు అలుగు విడిచి, దిగువన ఆయకట్టు సాగుచేసిరి. ఒక చెరువు అలుగు దిగువ చెరువునకు ఆధారము. రాయలసీమవారికి ఇది క్రొత్త విద్య గాదు. అనంతపురము, కడప, చిత్తూరు జిల్లాలనుండి వచ్చినవారికి బెంగుళూరి చెరువుగట్టు పుట్టినూరి గట్టువలెనే కనబడెను.

1760లో హైదరాలీ ఈ ప్రాంతమున తోట వేయ నారంభించెను. శిరా పట్టణము మొగలుల ఏలుబడిలో ముఖ్యస్థానమై యుండెను. అచటి మొగలు తోట పద్ధతిని చూచి తానును అట్టిది కావలెనని కోరుకొనెను. మొదట సుమారు 40 ఎకరములు. అతని కుమారుడు టిప్పు సుల్తాను దేశదేశములనుండి విత్తులును మొక్కలును తెప్పించి దానిని పెంచెను. ఎఱ్ఱ గులాబీలవలన ఆ పేరు వచ్చెనందురు. 1791లో కారన్‌వాలిసు బెంగుళూరు కోటను పట్టెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. తోట మేజరు వా అను సేనాధికారి చేతికి పోయి, 1819లో గవర్నరు జనరలునకు అప్పగింపబడి, కలకత్తా సస్యోద్యానమునకు అనుబంధమయ్యెను. ఈ నడిమి దశాబ్దములలో చేతులు మారుటయే గాని చెప్పదగిన విశేషము తక్కువ.

1856లో లాల్‌బాగు ప్రభుత్వ సస్యోద్యానమయ్యెను. మద్రాసు రాజధాని అటవీశాఖకు తొలి అధిపతియైన క్లెగ్‌హారను ఇందుకు సలహా నిచ్చెను. ఆపై లండను సమీపమున గల క్యూ ఉద్యానమున శిక్షణ పొందిన తోటపనివారు ఒకరి తరువాత ఒకరు వచ్చిరి. వారి ఉద్దేశము మన షికారు కాదు. ఏ దేశపు పండు ఈ నేలలో కాచును, ఏ కలప పెరుగును, ఏ కూరగాయ గిట్టుబాటగును అని పరీక్షించుటయే వారి పని. 1874 మొదలు 1908 వరకు పర్యవేక్షకుడుగా నున్న జాను కామెరాను ఈ విద్యలో దిట్ట. మన వంటయిండ్లలో బెంగుళూరు వంకాయ యని పిలుచు కాయ కలదు గదా. అది వంకాయ జాతిది గాదు. సొర, గుమ్మడి కుటుంబమునకు చెందిన తీగకాయ. దాని పుట్టిల్లు మెక్సికో దేశము. దానిని ఈ నేలకు పరిచయము చేసినవాడు కామెరానే యని ప్రతీతి. కన్నడిగులు దానిని సీమెబదనెకాయి యనిరి, అనగా సీమవంకాయ. తమిళులు చౌచౌ యనిరి. మనవారు మాత్రము దానికి ఊరిపేరే పెట్టిరి. నెల్లూరునగాని రాజమహేంద్రవరమునగాని ఆ కాయ కోసి పప్పులో వేయు ఇల్లాలు, తెలియకయే, లాల్‌బాగు చరిత్రలోని ఒక పుట చదువుచున్నట్లే.

1889 నవంబరు 30వ తేదీన విక్టోరియా రాణి మనుమడైన ఆల్బర్టు విక్టరు రాకుమారుడు గాజుటింటికి శంకుస్థాపన చేసెను. లండనులోని స్ఫటికసౌధమును తలపించు రీతిలో, గ్లాస్గో నగరపు కొలిమిలో పోసిన ఇనుప కమ్ములతో అది లేచెను. 1935లో దానిని విస్తరించిరి. లాల్‌బాగు చరిత్రను రెండు ముక్కలుగా కోయవలసివచ్చినచో మేము ఈ గాజుటింటి యొద్దనే కోయుదుము. అంతకుముందు మొక్కలు పండితులకొరకు. ఇప్పుడు వరుసలుగా పేర్చిన పూలకుండీలను చూచుటకు పేటలనుండి జనము బండ్లు కట్టుకొని రాసాగిరి. చూపరులుగా వచ్చినవారు చెట్లక్రింద చద్దిమూటలు విప్పిరి. పిల్లలు గడ్డిలో దొర్లిరి. చద్దిమూట విప్పినచోట జనులకు హక్కు పుట్టును. ఆ హక్కును ఏ శాసనమును వ్రాసి యియ్యలేదు.

1908లో పర్యవేక్షకుడుగా వచ్చిన క్రుంబిగలు జర్మనీదేశీయుడు, డ్రెస్డెను ప్రాంతమువాడు. క్యూలో పనిచేసి, బరోడా సంస్థానమున కొలువు చేసి, ఇటు వచ్చెను. 1932 వరకు లాల్‌బాగు అతని చేతిలో నుండెను. 1912లో మైసూరు ఉద్యానసంఘము ఏర్పడి పూలప్రదర్శనములు క్రమముగా జరుగుట మొదలిడినది. ఆ యేటనే మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానయ్యెను. వారి పూర్వులు మోక్షగుండమునుండి వలస వచ్చిన తెలుగువారని మన పాఠకులెరుగుదురు.

క్రుంబిగలు చేసిన మేలు ఒక్క తోటకు పరిమితము గాదు. వీథుల వెంట నాటు చెట్లను, ఒకటి పూత రాల్చునాటికి వేరొకటి పూతకు వచ్చునట్లు ఎన్నుకొనుట అతని పద్ధతి. ఏడాదిలో ఏ నెలయు పూలు లేని నెల కారాదని అతని పట్టుదల. ఈ నగరమున విహారమునకు కాలనియమము లేకుండుటకు చల్లని గాలి ఒక కారణమైనచో, ఈ పూతల క్రమము రెండవ కారణము. అతడు 1956లో ఈ ఊరనే కన్నుమూసెను. లాల్‌బాగుకు దూరము గాని హోసూరు రోడ్డు శ్మశానమున అతని సమాధి కలదు. తోటలో అతని పేరు పెట్టిన పాతభవనము 2017లో కూలిపోయినది. అతని చెట్లు మాత్రము నిలిచియున్నవి. అతని తరువాత జవరయ్య, మరిగౌడ మొదలైన స్వదేశీయులు ఈ తోటను నడపిరి. మరిగౌడగారు 1959లో ద్రాక్షపండించు రైతులకు సహకారసంఘము నేర్పరచిరి. నేడు నగరమున వీథివీథినను కనిపించు హాప్‌కామ్సు పండ్ల అంగళ్లకు అదియే మూలము.

ఇక ఏడాది చక్రమును చూతము. జనవరిలో గణతంత్రదినమునకు, ఆగస్టులో స్వాతంత్ర్యదినమునకు గాజుటింట పూలప్రదర్శనములు జరుగును. ఆ దినములలో జనసమ్మర్దమువలన తోట తోటగా నుండదు. తిరునాళ్లయనుట యుక్తము. దూరపు చుట్టములు వచ్చుటకు ఆ పదిదినములనే ఎన్నుకొందురు. చెరువును చూడవలెనన్నచో ఆ దినములు మాని వేరుదినములలో పోవలెను. మాఘమాసము దాటగానే గులాబిరంగు టబెబుయాలు ఆకులన్ని రాల్చి పూలతో నిండును. ఆ వెనుక నీలపు జకరండాలు. చైత్ర వైశాఖములలో ఎఱ్ఱ తురాయి చెట్లు మంటలవలె నుండును. కాని వాటి క్రింద నీడ యున్నది. మండువేసవి మధ్యాహ్నమున సైతము చెట్లక్రింద నిద్రించువారిని చూడవచ్చును. మద్రాసు, విజయవాడ బంధువులు దీనిని చూచి అసూయపడుదురు.

మే జూను మాసములలో మామిడి మేళా వచ్చును. రైతులే తమ పండ్లను తెచ్చి అమ్ముకొను ఏర్పాటది. కోలారు జిల్లా శ్రీనివాసపురమన మామిడికి పెట్టినది పేరు; అచటి రైతులలో తెలుగు మాటలాడువారు మెండు. బాదామి, రసపురి, మల్గోవా, తోతాపురి గుట్టలనడుమ మన బంగినపల్లియు తన యింటిపేరుతోనే కూర్చుండును. బేరము కన్నడమున మొదలై, ఒక నవ్వుతో తెలుగులోనికి దిగి, ధర తేలువేళకు మరల కన్నడమునకు పోవును. మన భాషకు ఆ నగరమున గల స్థితిని ఇంత చక్కగా చూపు దృశ్యము సభావేదికలపై కానరాదు. సభలో మన తెలుగు పంచె సవరించుకొని నిలుచును. మామిడి బుట్టయొద్ద హాయిగా చతికిలబడును.

వానలు పట్టిన పిమ్మట చెరువు వంతు. గట్టు వెంట నడక. అటు నీరు, ఇటు చెట్లు. గూడబాతులు, నీటికాకులు, కొంగలు అచటి నివాసులు. పక్షులను పరిశీలించువారు నెలలో రెండవ ఆదివారమున గాజుటింటి యొద్ద కలసికొని బయలుదేరు ఆచారము 1970ల దశకమునుండి వచ్చుచున్నది. ఉదయపు నడకకు వచ్చువారిలో అన్ని పేటలవారును కలరు. నడక ముగిసిన పిదప మావళ్లిలో ఇడ్డెనుల కొరకు వరుసలో నిలుచుట మరియొక ఆచారము. మావళ్లి టిఫిను రూమ్సు 1924లో స్థాపితమై లాల్‌బాగు రోడ్డున నేటికిని నడచుచున్నది. నడచి కరగించినదానిని అచట మరల సంపాదించుకొందురని పరిహాసము. కార్తికమాసపు కడసోమవారమునకు బసవనగుడిలో వేరుసెనగల పరస. అది లాల్‌బాగున జరుగదు గాని, ఆ సాయంకాలము కాయల పొట్లముతో ఇటు తిరిగివచ్చువారు లేకపోలేదు.

మన కుటుంబములకు ఈ తోట ఇంతకుమించిన సహాయము చేసినది. ఇరుకు ఇండ్లలో అతిథిని కూర్చుండబెట్టుటకు చోటు లేనినాడు పెండ్లిచూపులు ఇచటి బల్లలమీద జరిగినవి. కొలువునకు క్రొత్తగా వచ్చిన యువకుడు, సమీపపు బల్లమీద తెలుగుమాట విని తల త్రిప్పి చూచి, “మీదే ఊరండీ?” అని అడిగినచోట స్నేహములు మొదలైనవి. ముసలి తల్లులు మనుమలవెంట వచ్చి, కన్నడమున నాలుగు మాటలు ఇచటి అమ్మలయొద్దనే నేర్చుకొనిరి.

ఈ నీటి విలువ తెలియవలెనన్నచో తక్కిన నీళ్లకు పట్టిన గతి చూడవలెను. ధర్మాంబుధి చెరువు నేడు కెంపేగౌడ బస్సుల నిలయము. మన సీమజిల్లాలనుండి బస్సు దిగిన ప్రతివాడును మొదట అడుగుపెట్టునది ఒక చెరువు గర్భమున. సంపంగి చెరువు కంఠీరవ క్రీడాంగణమయ్యెను. కరగ ఉత్సవపు తంతునకై చిన్న కుంట యొకటి మిగిలినది. శూలె చెరువు కాలిబంతి మైదానము, అక్కితిమ్మనహళ్లి చెరువు హాకీ మైదానము, చల్లఘట్ట చెరువు గోల్ఫు మైదానము. ఇందొక విచిత్రము గమనింపదగినది. చెరువులను పూడ్చినవారు ఇండ్లకొరకే పూడ్చలేదు. వినోదము పేరిటను పూడ్చిరి. నీటియొడ్డున జనము పొందుచుండిన విహారమును తీసివేసి, టిక్కెట్టు కొని చూడవలసిన విహారమును దానిమీదనే కట్టిరి.

కారణము సులభముగా తెలియును. 19వ శతాబ్దాంతమున హెసరఘట్టనుండి గొట్టములద్వారా నీరు వచ్చెను. 1974లో కావేరి వచ్చెను. త్రాగునీటికి చెరువు అక్కరలేకపోయెను. ఆయకట్టు భూములు ఇండ్లస్థలములయ్యెను. తూము త్రిప్పువాడు లేని చెరువునకు పలుకుబడి యేమున్నది? 1986 నాటి లక్ష్మణరావు సంఘము చెరువులను కాపాడవలెనని సిఫారసు చేయునాటికే చాల చెరువులు పటములందు మాత్రమే మిగిలినవి. లాల్‌బాగు చెరువు బ్రదికినదన్నచో, అది ఒక శాఖవారి ప్రహరీగోడ లోపల నుండుటవలనను, దానిచుట్టు నిత్యము వేలకొలది జనులు నడచుచుండుటవలనను బ్రదికినది. ఈ రెండింటిలో రెండవదే బలమైన కాపు అని మా అభిప్రాయము. గోడను ప్రభుత్వము తానే తొలగించుకొనగలదు. నడచువారిని తొలగించుట అంత సులభము గాదు.

ఇది ఊహామాత్రము గాదు. 2009లో మెట్రో రైలుమార్గమునకై తోట అంచున కొంత భూమి తీసికొని, గోడ పడగొట్టి, చెట్లు నరికిరి. ప్రజలు నిరసించినను మార్గము వచ్చినది. 2017లో లాల్‌బాగు పేరిట స్టేషను తెరచిరి. ఆ రైలులోనే దూరపు పేటల కుటుంబములు నేడు తోటకు వచ్చుచున్నవి గనుక ఈ విషయమున తీర్పు చెప్పుట మాకు కష్టము. 2025లో హెబ్బాళమునుండి సిల్కుబోర్డు వరకు భూగర్భమార్గము ప్రతిపాదించి, దాని రాకపోకల ద్వారమొకటి లాల్‌బాగు నేలలో చూపినపుడు నగరవాసులు గట్టిగా అభ్యంతరము చెప్పిరి. ఈ విషయమున మాకు సందేహము లేదు. రైలువలన జనము తోటలోనికి వచ్చుచున్నారు. కార్ల సొరంగము తోటక్రిందుగా జనమును దాటించుటకు మాత్రమే పనికివచ్చును. 300 కోట్ల యేండ్ల బండకు చేరువను త్రవ్వుటకు పూనుకొనువారు ఆ బండ వయస్సుతో తమ తొందరను పోల్చుకొన్నచో బాగుండును.

మన సంఘములు తెలుగు పాఠశాలలకొరకు, పుస్తకములకొరకు, ఉపాధ్యాయులకొరకు అర్జీలు వ్రాయుచు వచ్చినవి, వ్రాయవలసినవే. చెరువును గూర్చిన అర్జీపై మన సంతకములు అరుదు. పరాయివారి వ్యవహారమున మనకేల యను సంకోచము అందుకు హేతువు కావచ్చును. కెంపేగౌడ కట్టిన ఊరిలో, మొరసునాటి నీటి విషయమున, మనము పరాయివారమెట్లగుదుము? హోసూరివారికి రామనాయకన్ చెరువు కలదు. బరంపురమువారికి రామలింగము చెరువు కలదు. ఆ గట్లమీదను మనవారు తరములుగా నడచినారు. వాటిని ఎవరు త్రవ్వించిరి, తూము ఎటువైపున నుండెను, ఏ పండుగకు ఎచట దీపములు విడుచుచుండిరి అన్నది ఆయా ఊళ్ల పెద్దలకు జ్ఞాపకమున్నంతలో వ్రాసి పంపినచో, రాబోవు సంచికలలో వాటికి చోటు ఉండవలెనని మా కోరిక. లాల్‌బాగు చెరువునకు అలుగు ఏ వంకన పారుచుండెనో చెప్పగల వృద్ధులు సిద్ధాపురము, మావళ్లి పేటలలో ఇంకను కొందరుందురు. వారిని ముందుగా అడుగవలెను.